సూదిపురుగు, పిండిపురుగు

ఆ రెండు పురుగులనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేను ఈ రోజుకీ తడబడతాను. రెండూ గోధుమ రంగువే. రెండూ బియ్యపు గింజలో సగం ఉంటాయి. రెండింటి వీపు మీదా గట్టి పెంకు ఉంటుంది. రెండూ కట్టెలోనే పుట్టి, కట్టెలోనే పెరిగి, కట్టెలోనుంచే బయటికి వస్తాయి. గోదావరిఖనిలో పదేళ్లుగా టింబర్ ఇన్‌స్పెక్టర్‌గా జీతం తీసుకుంటున్న నాకు చేతకాని ఆ పని సమ్మవ్వకు ఒక పనే కాదు. పురుగును చూడకుండానే, కట్టె మీద అరచెయ్యి ఆనించి, లోపల ఉన్నది ఏదో చెప్పేది.

ఆమె గురించి రాయాలని ఇదివరకు మూడు నాలుగు సార్లు కూర్చున్నాను. ప్రతిసారీ పురుగుల గురించి నాలుగు పేజీలు నింపి లేచిపోయాను. పురుగుల గురించి రాయడం సులువు, వాటికి మనం జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఈసారి రెండూ రాస్తాను. నా పేరు లింగమూర్తి. గని పేరూ, అధికారుల పేర్లూ రాయను. తప్పు వాళ్లది కాదు.

గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కట్టెలు నిలబెడతారు. వాటిని ప్రాపులంటారు. అడవి నుంచి లారీల మీద వచ్చే నల్లమద్ది, చిరుమాను దుంగలు ముందు పైన టింబర్ యార్డులో దిగుతాయి. అక్కడ ఆడవాళ్లు గొడ్డళ్లతో బెరడు తీసి, ఎండబెట్టి, రేకుల షెడ్డు కింద పేరుస్తారు. చివరికి ఒక మనిషి ఒక్కొక్క కట్టెనూ పరీక్ష చేసి, బాగున్నదాని మీద కుంచెతో సున్నం బొట్టు పెట్టాలి. బొట్టు ఉన్న కట్టె గనిలోకి దిగుతుంది. లేనిది వంటచెరకుకు పోతుంది. నేను ఉద్యోగంలో చేరిన అరవై ఏడు నాటికే ఆ కుంచె సమ్మవ్వ చేతిలో ఉంది.

ఆమెది గోదావరి అవతల, జైపూర్ దగ్గర పల్లె. మొగుడు సదయ్య బొగ్గు నింపే పనికి వస్తే వెంట వచ్చింది. పిల్లలు లేరు. అరవై నాలుగులో సదయ్య ఛాతీ జబ్బుతో దవాఖానలో పోయాడు. అతని బదులు ఆమెకు పని ఇచ్చారు. ఆడవాళ్లు గనిలోకి దిగకూడదు కనుక యార్డులో వేశారు. దినాలు తీరిన మర్నాడే గొడ్డలి పట్టుకుని వచ్చి నిలబడిందని తోటి ఆడవాళ్లు చెప్పేవారు. ఏడవడం ఎవరూ చూడలేదట. ఒకసారి నేను, పెద్దమనిషిలాగా, సదయ్య గుర్తుకొస్తాడా అని అడిగాను. "గుర్తుకొస్తడు సారూ. గాని ఏం అనిపిస్తలేదు" అంది. నేనేదో టైం ఎంతయిందని అడిగినట్టుగా చెప్పి మళ్లీ బెరడు తీయడంలో పడిపోయింది.

పల్లెలో ధాన్యం చెరిగిన చేతులు ఆమెవి. బియ్యంలో పడే ముక్కపురుగు వేరు, పెసల్లో పడే పురుగు వేరు అని తెలిసిన మనిషి. కట్టెను తొలిచేవన్నీ ఒకటే అని యార్డులో మగవాళ్లు అంటే ఆమెకు నచ్చలేదు. ఎవరినీ అడగలేదు. పని చేస్తూ చూసింది, రెండు మూడేళ్లు చూసింది. మొదటి దానికి సూదిపురుగు అని పేరు పెట్టింది, రెండోదానికి పిండిపురుగు అని. ఆ పేర్లు యార్డంతా పట్టుకున్నాయి.

సూదిపురుగుకు పచ్చి కట్టె కావాలి. చెట్టు కొట్టిన వారం పది రోజులకే, బెరడు ఇంకా ఉండగానే, వాసన పట్టి వస్తుంది. తల్లిపురుగు సూది దూరేంత కంత తొలుచుకుని లోపలికి పోతుంది. తొలిచిన పొట్టును లోపల ఉండనివ్వదు, వెనక్కి నెట్టి బయట పారేస్తుంది. బెరడు మీద ఆ పొట్టు తెల్లగా పడి ఉంటే లోపల అది కాపురం పెట్టినట్టు. అది కట్టెను తినదు. వచ్చేటప్పుడు ఒంటి మీద ఒక రకం బూజు తెచ్చుకుంటుంది, దాన్ని కంత గోడలకు అంటిస్తుంది. తడికి బూజు పెరుగుతుంది. తల్లీ పిల్లలూ దాన్నే మేసి బతుకుతారు. కంత గోడలు మసి రాసినట్టు నల్లబడేది ఆ బూజు వల్లే. పిల్లలు పెద్దవయ్యేదాకా తల్లి కంత విడిచిపోదు, వాటి మలినం కూడా బయటికి తోసి ఇల్లు శుభ్రంగా ఉంచుతుంది. కట్టె ఎండిందంటే బూజు చచ్చిపోతుంది. అప్పుడు పోగలిగినవి పోతాయి, పోలేనివి అక్కడే చస్తాయి. ఎండిన కట్టెలో ఆ జాతి మళ్లీ అడుగుపెట్టదు. మిగిలేది నల్లటి ఖాళీ కంత, దానివల్ల కట్టె బలానికి వచ్చే నష్టం పెద్దగా ఉండదు.

"అది కట్టె తినది సారూ. కట్టెల బూజు వెట్టుకొని గది తింటది" అని సమ్మవ్వ చెప్పినప్పుడు నేను పగలబడి నవ్వాను. పురుగు సేద్యం కూడా చేస్తుందా, పన్ను కట్టించుకుందామా అని హాస్యమాడాను. ఐదేళ్ల తర్వాత ఒక పుస్తకంలో అక్షరాలా అదే సంగతి చదివి, పుస్తకం మూసి పెట్టాను. నవ్వినంత సులువుగా ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

పిండిపురుగు పద్ధతే వేరు. పచ్చి కట్టె జోలికి రాదు. కట్టె ఎండాలి, షెడ్డులో పేర్చాలి, ఇక ఫికర్ లేదని మనం అనుకోవాలి. అప్పుడు వస్తుంది. కంటికి కనపడని సన్న రంధ్రాల్లో గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పిల్లల మొహం చూడదు. గుడ్డు పగిలి వచ్చే తెల్లటి పిల్లపురుగు కట్టెనే తింటుంది. నడిమి చేవను ముట్టదు, చేవ చుట్టూ ఉండే తెల్లకట్టెలో ఏదో తీపి ఉంటుంది, అది కావాలి. పైపొరను కాగితం మందాన వదిలేసి లోపలంతా పిండి చేస్తుంది. ఆ పిండిని బయట పారేయదు, దాంట్లోనే దొర్లుతూ పెరుగుతుంది. నెలల తరబడి పైకి ఏమీ కనపడదు. రెక్కలొచ్చి బయటపడేటప్పుడు మాత్రం గుండ్రటి చిల్లు పడి పిండి రాలుతుంది. అట్లా వచ్చినవి మళ్లీ అదే కట్టెలో గుడ్లు పెడతాయి. తినడానికి తెల్లకట్టె ఉన్నన్నాళ్లూ వాటి సంతతి అక్కడే సాగుతుంది.

అంటే ఒకదానికి చిల్లు ముందే కనపడుతుంది, ప్రమాదం లేదు. రెండోదానితో ప్రమాదం ఉంది, చిల్లు కనపడదు. ఈ ఒక్క ముక్క నా తలకెక్కడానికి ఒక మనిషి కాలు పోవాల్సి వచ్చింది.

సమ్మవ్వ పరీక్ష చాలా మామూలుగా ఉండేది. కట్టె కింద చేట పెట్టి, గొడ్డలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేసేది. సూదిపురుగు కాపురముండి పోయిన కట్టె ఖంగుమనేది, చేటలో ఏమీ పడేది కాదు. పిండిపురుగు ఉన్న కట్టె మొద్దుగా పలికేది, ఏ నెర్రెలోంచో చిటికెడు పిండి చేటలో రాలేది. ఆ పిండిని వేలికి అద్దుకుని నాలిక మీద వేసుకునేది. ఒక్కోసారి కట్టెకు చెవి ఆనించి నములుతున్న చప్పుడు వినపడుతోందనేది. నేనూ చెవి ఆనించి చూశాను. నాకు నా చెవిలో హోరు తప్ప ఏమీ వినపడలేదు. రెండింటిలో ఆమెకు సూదిపురుగంటే కొంచెం ఇష్టమని నా అనుమానం. అది సంసారం తెలిసిన పురుగని ఒకసారి అంది.

ఆమె బొట్టు పెట్టిన కట్టెలను గనిలో నిలబెట్టేవాడు జహంగీర్. రామగుండం నుంచి సైకిల్ మీద వచ్చే టింబర్‌మన్. పొద్దుటి షిఫ్టు దిగి రెండింటికి పైకి వచ్చేవాడు. యార్డులో సమ్మవ్వ కుండలో నీళ్లు తాగి, అక్కా పోయొస్త అని చెప్పి గాని ఇంటికి పోయేవాడు కాదు. రంజాన్ పండుగకు అతని భార్య మహబూబీ గిన్నె నిండా సేమియా పంపేది. ఆ రోజులకు సీతాఫలాలు పండేవి. సమ్మవ్వ ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపకుండా సీతాఫలాలు నింపి పంపేది. ఆమె మొహంలో ఏదైనా కదలడం నేను చూసింది ఆ గిన్నె వచ్చిన రోజుల్లోనే.

వాళ్లిద్దరి మధ్యా ఒక గుర్తు ఉండేది. అది నాకు అప్పుడు తెలియదు. దుంగ మొదలు వైపు లావుగా, కొస వైపు సన్నగా ఉంటుంది. మంచి కట్టెకు ఆమె కొసన సున్నం పెట్టేది. గనిలో కట్టెలు చాలక, అనుమానం ఉన్నదాన్ని కూడా పంపక తప్పనప్పుడు మొదలు వైపు పెట్టేది. మొదలు వైపు బొట్టు ఉన్న కట్టెను జహంగీర్ కప్పు కింద నిలబెట్టేవాడు కాదు, మూసేసిన దారులకు అడ్డంగా కట్టడానికి వాడేవాడు. బొట్టు లేదని మాలాంటి వాళ్లం అరవకుండా, కట్టె మీద బరువు పడకుండా, ఇద్దరూ కలిసి చేసుకున్న ఏర్పాటు అది. ఆరేడేళ్లు అట్లా నడిచింది.

డెబ్బై రెండులో నన్ను నెల రోజుల శిక్షణకు పంపారు. తిరిగొచ్చేటప్పుడు ఒక అచ్చు పుస్తకం తెచ్చుకున్నాను. చిల్లులున్న కట్టె పనికిరాదు అని మొదటి పేజీలోనే ఉంది. అక్కడినుంచి మూడు పేజీలు తిప్పితే చిల్లుల్లో రెండు రకాలున్నాయని, ఏ రకం ఎటువంటిదని వివరంగా ఉంది. ఆ మూడు పేజీలు నేను తిప్పలేదు. వచ్చిన మర్నాడే యార్డులో కొత్త పద్ధతి పెట్టాను. చిల్లు ఉంటే వంటచెరకు, నున్నగా ఉంటే సున్నం. సూదిపురుగు కంతలున్న గట్టి కట్టెలన్నీ పొయ్యిల్లోకి పోయాయి. సమ్మవ్వ రెండుసార్లు చెప్పి చూసింది. చదువుకున్నది నువ్వా నేనా అన్నాను. మూడోసారి చెప్పలేదు.

అప్పటికి అడవిలో లావు చెట్లు తగ్గాయి. సన్నటి కట్టెలు రాసాగాయి. సన్న కట్టెలో చేవ వేలెడంత ఉంటుంది, మిగతాదంతా తెల్లకట్టే. పిండిపురుగుకు ఇంతకన్నా ఏం కావాలి.

డెబ్బై మూడు నవంబరు మొదట్లో, రంజాన్ పండుగ అయిన వారానికి, ఒక పొద్దున గనిలోంచి కబురు వచ్చింది. ఒక చోట కప్పు పలుకుతోంది, కూలేముందు చేసే చప్పుడు చేస్తోంది, పదకొండు కట్టెలు జల్ది పంపమన్నారు. షెడ్డులో సమ్మవ్వ విడిగా పక్కన పెట్టినవి సరిగ్గా పదకొండు ఉన్నాయి. నున్నగా ఉన్నాయి, ఒక్క చిల్లు లేదు. బొట్టు పెట్టమన్నాను. పిండి ఉన్నది అంది. ఎక్కడుందో చూపించమన్నాను. చేట తీసుకొచ్చి కట్టె కింద పెట్టబోయింది. ఈ చేటల నాటకానికి ఇప్పుడు టైం లేదన్నాను.

"కప్పు కిందికే పోతయి ఇవి, నేను పెట్ట సారూ" అని కుంచెను సున్నం డబ్బా మీద అడ్డంగా పెట్టి పక్కకు జరిగింది.

మిగతా ఆడవాళ్లు అవతల లారీ దించుతున్నారు, ఎవరూ వినలేదు. అయినా నాకు ఒళ్లు మండింది. కుంచె తీసుకుని నేనే పదకొండింటికీ బొట్లు పెట్టాను. పేర్చిన కట్టెల కొసలు నా వైపు ఉన్నాయి. కొసలకే పెట్టాను. కాసేపటికి ట్రాలీ వాళ్లు వచ్చి తీసుకుపోయారు. సమ్మవ్వ వాళ్లతో ఏమీ అనలేదు. నిలబెట్టిన కట్టె గంటలో విరగదు, రెండింటికి జహంగీర్ నీళ్లకు వస్తాడు, అప్పుడు చెబితే మార్చేస్తాడు అనుకుని ఉంటుంది. ఆ మధ్యాహ్నం కుండ కడిగి కొత్త నీళ్లు పోయడం నేను చూశాను.

ఒంటిగంటకు బండ పడ్డదని కబురు వచ్చింది. పదకొండింటిలో మూడు విరిగాయి. అక్కడున్న నలుగురిలో ముగ్గురు తప్పుకున్నారు. జహంగీర్ కుడికాలు బండ కింద పడింది. అతన్ని మోసుకొస్తుంటే సమ్మవ్వ యార్డు కంచె పట్టుకుని నిలబడింది. దగ్గరికి పోలేదు. మోసుకుపోయాక కుండ మీద మూత పెట్టి, లారీ దించుతున్న ఆడవాళ్లలో కలిసి సాయంత్రం దాకా బెరడు తీసింది. నాకు భయం వేసింది. జాలి కాదు, భయం. అది దాచి లాభం లేదు.

దవాఖానలో జహంగీర్ కాలు మోకాలి కింద తీసేశారు. పది రోజులకు విచారణ పెట్టారు. విచారణలో తేలాల్సింది ఒకటే. కట్టె మంచిదే అయితే దాన్ని సరిగా నిలబెట్టలేదని తప్పు జహంగీర్ మీదికి పోతుంది, అతని ఉద్యోగం పోతుంది. కట్టె పుచ్చిందైతే తప్పు దానికి సున్నం పెట్టిన చేతిది. ఇది తెలిసి ముందురోజు నేను సమ్మవ్వ ఇంటికి పోయాను. అది సూదిపురుగు కట్టె అని చెప్పు, సూదిపురుగుతో బలం తగ్గదని నువ్వే అంటావు కదా, నీకూ నాకూ ఏమీ కాదు అన్నాను. అతని కాలు ఎట్లాగూ తిరిగి రాదు అని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆమె పొయ్యి ముందు కూర్చుని వింది. గూట్లో మహబూబీ గిన్నె కనపడింది. పండుగకు వచ్చింది, ఇంకా తిప్పి పంపలేదు.

"అయితే జహంగీరు కట్టె నిలవెట్టుడు తప్పన్నట్టా సారూ?" అని అడిగింది. నేను లేచి వచ్చాను.

విచారణ గదిలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. బల్ల మీద విరిగిన కట్టె ముక్క ఉంది. ముందు నన్ను అడిగారు. అడవి కట్టెలో పురుగు ఉండనే ఉంటుంది, అన్నీ ఒకటే రకం అన్నాను. తర్వాత సమ్మవ్వను పిలిచారు. ఆమె కొంగులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. దాంట్లో రెండు పురుగులు, చచ్చినవి, పక్కపక్కన ఉన్నాయి. అధికారులు ముగ్గురూ వంగి చూశారు, తేడా తెలియలేదు. నావైపు చూశారు. నేనూ చూశాను, నాకూ తెలియలేదు. అప్పుడామె ఒక తెల్లకాగితం అడిగి, విరిగిన కట్టెను దాని మీద పెట్టి అరచేత్తో చరిచింది. గుప్పెడు పిండి పడింది. తనతో తెచ్చిన ఇంకో ముక్క, నల్ల కంతలున్నది, అట్లాగే చరిచింది. ఏమీ పడలేదు. ఒకటి పచ్చికట్టెలో కొన్నాళ్లుండి పోయేది, ఇంకొకటి ఎండు కట్టెలో ఉండిపోయేది, ఈ కట్టెలో ఉన్నది రెండోది, జహంగీర్ ఎంత గట్టిగా నిలబెట్టినా ఇది ఆగదు అని చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నారు. జహంగీర్ ఉద్యోగం నిలబడింది.

తర్వాత ఒక అధికారి జహంగీర్ దవాఖానలో ఇచ్చిన వాంగ్మూలం చదివాడు. అనుమానం కట్టెకు అక్క మొదలు వైపు సున్నం పెడుతుంది, వీటికి కొసన ఉంది, అక్క పెట్టిందే కదా అని నమ్మి కప్పు కింద నిలబెట్టాను అని ఉంది దాంట్లో. ఆ గుర్తు సంగతి నేను వినడం అదే మొదటిసారి. కుంచె ఎటు తిప్పానో, కట్టెలు ఎటు పేర్చి ఉన్నాయో అంతా కళ్ల ముందుకొచ్చింది.

ఈ గుర్తు నిజమేనా అని అడిగారు. నిజమే అంది. ఈ పదకొండింటికీ కొసన సున్నం పెట్టింది ఎవరు అని అడిగారు.

ఆమె తల తిప్పి నావైపు చూసింది. కోపం లేదు, వేడుకోలు లేదు. ట్రాలీ వస్తుందా అని దారి చూసినట్టు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్‌లో తేదీలు చదువుతున్నాను. సున్నం పెట్టే డ్యూటీ ఆమెదే కదా అని ఇంకో అధికారి అన్నాడు. నేను అవునన్నాను. అబద్ధం కాదు, డ్యూటీ ఆమెదే. రాసుకున్నారు. అనుమానం కట్టెలను కూడా గుర్తు పెట్టి లోపలికి పంపేదన్న తప్పు కూడా ఆమె పేరు మీదే రాసుకున్నారు. ఆమె వేలిముద్ర వేసి, బల్ల మీది అగ్గిపెట్టె తీసుకుని, పిండి పడ్డ కాగితాన్ని మడిచి కిటికీలోంచి దులిపి, వెళ్లిపోయింది.

ఆమె పని పోలేదు. యార్డు నుంచి తీసి ఇసుక బంకరుకు వేశారు. బొగ్గు తీసిన ఖాళీల్లో నింపడానికి గోదావరి నుంచి తెచ్చే ఇసుకను అక్కడ దించుతారు. పారతో లాగడమే పని, చెవితో నాలికతో పని లేదు. జహంగీర్‌కు లాంప్ రూంలో కూర్చునే పని ఇచ్చారు. మహబూబీ మాత్రం మరుసటి పండుగకు సేమియా పంపలేదు. మార్కెట్లో సమ్మవ్వ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేదని విన్నాను. యార్డులో కుంచె ఇంకొకరికి ఇచ్చాను. పుస్తకంలో మిగతా మూడు పేజీలు చదివి, చిల్లుల్లో రెండు రకాల గురించి అందరికీ పాఠం చెప్పాను. బాగా చెప్పానని మెచ్చుకున్నారు.

తర్వాత నాలుగేళ్లు ఎట్లా గడిచాయంటే చెప్పడానికి ఏమీ లేదు. తిన్నాను, డ్యూటీ చేశాను, నిద్ర పట్టింది కూడా. మొదట్లో ఛాతీలో ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది. తర్వాత అదీ పోయింది. సమ్మవ్వ సదయ్య గురించి చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది.

టింబర్ చూడటానికి నెలకు రెండు మూడు సార్లు నేను గనిలోకి దిగాలి. దిగే ముందు లాంప్ రూంలో నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. కిటికీ అవతల జహంగీర్ కూర్చుని ఉండేవాడు, కర్ర గోడకు ఆనించి. మనిషి మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మాటల్లో సమ్మవ్వ పేరు వస్తే ప్రతిసారీ ఒకటే అనేవాడు. "అక్క చెయ్యి ఒక్కసారే తప్పింది సారూ. మనిషే గదా. నేను మనసుల పెట్టుకోలె." నేను అవునని దీపం తీసుకుని పోయేవాణ్ని.

మొన్న, డెబ్బై ఏడు అక్టోబరులో, సమ్మవ్వ పని మానుకుని పల్లెకు పోతోందని తెలిసింది. బంకరు దగ్గరికి పోయాను. పార కడిగి అప్పగించి వస్తోంది. జుట్టు తెల్లబడింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, ఆ రోజు నువ్వే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగాల్సింది ఆమె, అడిగింది నేను. ఏడేళ్లు కుంచె తన చేతిలో ఉంది, ఆ బొట్టు తనది కాదంటే ఎవరు నమ్ముతారు అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు చెప్తవేమో అని చూసిన సారూ" అంది. "తర్వాత చూసుడు బంద్ చేసిన."

నన్ను ఇంటిదాకా రమ్మని, మూట కట్టిన సామాను పక్కనుంచి ఒక గిన్నె తీసి ఇచ్చింది. మహబూబీ గిన్నె. అడుగున గుడ్డ వేసి, మూడు సీతాఫలాలు పెట్టింది. తను ఇస్తే తీసుకోరు, నువ్వు ఇచ్చెయ్యి అంది. ఏమని చెప్పి ఇవ్వాలని అడిగాను. అది నీ ఇష్టం అన్నట్టు తలుపుకు గొళ్లెం పెట్టుకుంది.

మర్నాడు పొద్దుటి షిఫ్టు ముందు గిన్నె పట్టుకుని లాంప్ రూంకు పోయాను. నా వెనక పది పన్నెండు మంది వరసలో ఉన్నారు. కిటికీలో గిన్నె పెట్టగానే జహంగీర్ గుర్తుపట్టాడు. పండ్లు చూసి నవ్వాడు. అక్క పంపిందా అన్నాడు. నేను మనసుల పెట్టుకోలేదని అక్కకు చెప్పినవా అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆ పదకొండింటికీ సున్నం పెట్టింది నేను, ఆమె పెట్టనంది, నాకు గుర్తు సంగతి తెలియదు అని. గొంతు మామూలుగానే వచ్చింది, ఏ వణుకూ లేదు.

జహంగీర్ నా దీపాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆగకుండా తుడిచాడు. "కొసన పెట్టింది నువ్వు" అన్నాడు. అవునన్నాను. "అక్కకు ఎరుకేనా?" అన్నాడు. మొదటి నుంచీ తెలుసన్నాను. అతను గిన్నెను రెండు చేతులతో ఎత్తి, తన వెనక అరలో, దీపాల పక్కన పెట్టుకున్నాడు. నా బిళ్ల తీసుకుని మేకుకు తగిలించాడు. దీపం కిటికీలోంచి ముందుకు తోశాడు. నేను అక్కడే నిలబడ్డాను, ఏదైనా అంటాడని.

"జర పక్కకు జరుగు సారూ" అన్నాడు. "వెనక మంది ఉన్నరు."